డాలరు ఖర్చు, రూపాయి ఖర్చు: అమెరికా, భారతదేశాల నిత్య జీవన వ్యయం

జీవన వ్యయం అంటే ఒక కుటుంబం తిండికి, ఇంటికి, కరెంటుకు, ప్రయాణానికి, వైద్యానికి, పిల్లల చదువుకు రోజువారీగా పెట్టే ఖర్చు మొత్తం. రెండు దేశాల మధ్య దీన్ని పోల్చడం అర్థశాస్త్రంలో పాత సమస్య. తెలుగువాళ్లకు మాత్రం ఇది ఇంటింటి లెక్క. అమెరికాలో ఉద్యోగం వచ్చిందనగానే ఆ జీతాన్ని ఆనాటి డాలరు రేటుతో హెచ్చవేసి సంతోషపడతాం. అక్కడ దిగిన మొదటి వారం కాఫీ ధరను అదే రేటుతో హెచ్చవేసి గుండెలు బాదుకుంటాం. రెండూ ఒకే అలవాటు, రెండూ తప్పు లెక్కలే. సరైన లెక్క కావాలంటే సరుకుల ధరలతో పాటు, మనిషి పనికి ఆ దేశం ఎంత విలువ కడుతుందో కూడా చూడాలి. రెండు దేశాల ఖర్చుల మధ్య కనిపించే తేడాలో పెద్ద భాగం అక్కడే పుడుతుంది.

మారకపు రేటు, కొనుగోలు శక్తి

మారకపు రేటును కదిలించేవి ఎగుమతులు, దిగుమతులు, పెట్టుబడులు, వడ్డీ రేట్లు, చమురు ధర. సరిహద్దు దాటని వాటికి, అంటే క్షవరానికో ఇంటి అద్దెకో ఆటో కిరాయికో, ఆ రేటులో నేరుగా చోటు లేదు. అందుకని ఒకే సరుకుల బుట్టను రెండు దేశాల్లో కొనడానికి ఎంతెంత పడుతుందో చూసి, ఆ నిష్పత్తినే పోలికకు వాడాలన్న ఆలోచన వచ్చింది. దాని పేరు కొనుగోలు శక్తి సమానత. స్వీడన్ ఆర్థికవేత్త గుస్తావ్ కాసెల్ 1918లో ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు. దేశదేశాల్లో ధరలు సేకరించి దాన్ని నిజంగా కొలిచే పని 1968లో ఐక్యరాజ్యసమితి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి మొదలుపెట్టాయి. ఇర్వింగ్ క్రావిస్, అలన్ హెస్టన్, రాబర్ట్ సమ్మర్స్ నడిపిన ఆ ప్రయత్నమే ఇవాళ ప్రపంచ బ్యాంకు సమన్వయం చేస్తున్న అంతర్జాతీయ పోలిక కార్యక్రమంగా ఎదిగింది. తొలి దశలో లెక్కకు తీసుకున్న పది దేశాల్లో భారతదేశం కూడా ఉంది.

ఆ కార్యక్రమం 2017 సంవత్సరానికి తేల్చిన అంకెలు చూస్తే విషయం తేటపడుతుంది. ఆ ఏడాది సగటు మారకపు రేటు డాలరుకు 65.12 రూపాయలు. కొనుగోలు శక్తి ప్రకారం మాత్రం 20.65 రూపాయలే. అంటే అమెరికాలో ఒక డాలరు పెట్టి కొనేదాన్ని భారతదేశంలో సగటున ఇరవై రూపాయల అరవై అయిదు పైసలకు కొనవచ్చు. లక్ష డాలర్ల జీతాన్ని మారకపు రేటుతో చూస్తే 65 లక్షల రూపాయలు. అదే బతుకును ఇక్కడ బతకడానికి కావలసింది మాత్రం 20 లక్షల చిల్లర. ఇది మొత్తం ఆర్థిక వ్యవస్థ సగటు కాబట్టి ఏ ఒక్క కుటుంబానికీ అచ్చంగా సరిపోదు. అయినా పెళ్లిచూపుల్లో చెప్పుకునే డాలరు జీతాన్ని మూడో వంతుకు తగ్గించి వినాలన్న మోటు లెక్కకు ఇది గట్టి ఆధారమే.

ఇదే పోలికను సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పడానికి ‘ది ఎకనామిస్ట్’ పత్రిక 1986లో బిగ్ మాక్ సూచీని మొదలుపెట్టింది. ఒకే బర్గర్ ధరను దేశదేశాల్లో చూడడం దాని పద్ధతి. భారతదేశంలో మెక్‌డొనాల్డ్స్ గొడ్డుమాంసం బర్గర్ అమ్మదు కనుక ఇక్కడి లెక్కకు కోడిమాంసంతో చేసే మహారాజా మాక్‌ను తీసుకుంటారు. పోలికలో మొదటి చిక్కు ఇక్కడే కనిపిస్తుంది. ఒకే వస్తువు రెండు చోట్లా దొరకదు.

పేద దేశాల్లో ధరలు ఎందుకు తక్కువన్న ప్రశ్నకు 1964లో బేలా బలస్సా, పాల్ శామ్యూల్‌సన్ విడివిడిగా ఒకే జవాబు చెప్పారు. ఎగుమతి అయ్యే సరుకుల తయారీలో అమెరికా కార్మికుడి ఉత్పాదకత ఎక్కువ, కాబట్టి జీతం ఎక్కువ. ఆ జీతాలతో పోటీపడాలి కనుక మంగలికీ, వంటవాడికీ, డ్రైవరుకీ కూడా అక్కడ ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. హైదరాబాదులో జుట్టు కత్తిరించే మనిషి చేసేదీ డాలస్‌లో కత్తిరించే మనిషి చేసేదీ అదే పని. పట్టే సమయమూ అంతే. నైపుణ్యంలో మనవాడు ఒక పిసరు ఎక్కువే కావచ్చు. కానీ ఇక్కడ నూటయాభైతో అయ్యే పనికి అక్కడ పాతిక డాలర్ల దాకా అడుగుతారు, పైన టిప్పు. ఆ తేడా కత్తెరది కాదు, చుట్టూ ఉన్న జీతాలది.

కరివేపాకు ధర ఎంత?

సరుకుల బుట్ట అన్నప్పుడు అందులో ఏం పెట్టాలన్నది అసలు తగవు. జొన్నరొట్టె, గోంగూర, మునక్కాడ, పూతరేకులు అమెరికా బుట్టలో ఉండవు. అక్కడి సీరియల్, చీజ్, టర్కీ మన బుట్టలో ఉండవు. వీటన్నిటికంటే చక్కని ఉదాహరణ కరివేపాకు. మన కూరగాయల బండి దగ్గర బేరం అయిపోయాక చివర్లో రెండు రెబ్బలు కొసరుగా వేయమంటాం, చాలాచోట్ల ఇప్పటికీ వేస్తారు. అమెరికాలో అదే ఆకు చిన్న ప్లాస్టిక్ పొట్లంలో డాలరు, రెండు డాలర్లు పలుకుతుంది. నిమ్మ, నారింజ తోటలను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేప చెట్టు మీద కూడా బతుకుతుంది. అందుకే తాజా కరివేపాకును సామానులో తెచ్చుకోవడానికి అక్కడి అధికారులు ఒప్పుకోరు. చలి రాష్ట్రాల్లో తెలుగు ఇళ్లవాళ్లు మొక్కను కుండీలో పెంచి, మంచు పడే నెలల్లో ఇంట్లో కిటికీ పక్కకు మార్చి కాపాడుకుంటారు. ఒక దేశంలో సున్నా, ఇంకో దేశంలో రెండు డాలర్లు అయిన వస్తువుకు ఎన్ని రెట్లు తేడా అని ఏ సూచీ చెప్పగలదు? అది లేకుండా పోపు పెట్టలేని ఇంట్లో మాత్రం ఆ ఖర్చు నిజం.

బుట్టలో ఒక్కో వస్తువుకు ఇచ్చే తూకమూ దేశాన్ని బట్టి మారుతుంది. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నస్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. భారత ప్రభుత్వ గృహ వినియోగ వ్యయ సర్వే 2023-24 ప్రకారం తలసరి నెల ఖర్చు పల్లెల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు. అందులో తిండికి పోయేది పల్లెల్లో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం. అమెరికా కార్మిక గణాంక సంస్థ 2023 సర్వేలో ఒక కుటుంబం సగటు ఏడాది ఖర్చు 77,280 డాలర్లు. అందులో తిండి 12.9 శాతమే. ఇల్లు 32.9 శాతం, రవాణా 17 శాతం మింగేస్తాయి. మన ఇంట్లో నెల బడ్జెట్టు గురించి మాట వస్తే పప్పు ధర, నూనె ధర, టమాటా ధర ముందుకొస్తాయి. అక్కడ అద్దె, కారు, ఇన్సూరెన్సు ముందుకొస్తాయి. మన టమాటా ధర పెరిగితే ప్రభుత్వాలు కంగారుపడడానికి కారణం ఈ నలభై ఏడు శాతమే.

తిండి: ధర చూడాలా, పనిగంటలు చూడాలా

2025 మార్చిలో అమెరికాలో డజను కోడిగుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు చేరింది. బర్డ్ ఫ్లూ వల్ల కోట్ల కోళ్లను చంపేయడంతో వచ్చిన రికార్డు ధర అది. రూపాయల్లో ఒక్కో గుడ్డు 45 దాకా పడింది. మన దగ్గర అంగట్లో గుడ్డు అప్పుడు అయిదారు రూపాయలు. హెచ్చవేసి చూస్తే ఏడెనిమిది రెట్లు. ఇప్పుడు అదే గుడ్డును పనిగంటల్లో కొలుద్దాం. అమెరికా సమాఖ్య కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జూలై నుంచి అది మారలేదు. ఆ వేతనం మీద బతికే మనిషి కూడా, ఆ రికార్డు ధరకు సైతం, 52 నిమిషాల పనితో డజను గుడ్లు కొనగలడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి 2024-25లో రోజుకు 300 రూపాయలు. గుడ్డు ఆరు రూపాయలనుకుంటే డజనుకు 72. ఎనిమిది గంటల రోజనుకుంటే దాదాపు రెండు గంటల కూలి. రూపాయల్లో ఎనిమిదో వంతు ధర పలికే గుడ్డు, చెమటలో రెట్టింపు ఖరీదు చేస్తోంది. ఇండియాలో అన్నీ చవక అనే ముందు ఎవరికి చవక అని అడగాల్సింది ఇక్కడే.

తెలుగు ఇళ్లకు సంబంధించి తిండి ఖర్చు రెండు దేశాలనూ ఎలా ముడివేస్తుందో 2023 జూలై 20 తర్వాత వారంలో కనిపించింది. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం ఆ రోజు నిషేధించింది. వార్త వాట్సాప్‌లో పాకిన కొద్ది గంటల్లోనే అమెరికాలోని ఇండియన్ స్టోర్ల ముందు వరుసలు కట్టారు. తొమ్మిది కిలోలకు కాస్త పైబడిన ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులను కార్లలో నింపుకున్నారు. ధరలు పెరిగాయి. మనిషికి ఒక సంచే అని కొన్ని దుకాణాలు బోర్డులు పెట్టాయి. నిషేధాన్ని 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం న్యూజెర్సీ వంటింట్లో అన్నం ధరను మార్చిందన్నమాట. అక్కడి సూపర్ మార్కెట్లలో వేరే రకాల బియ్యం అప్పుడూ ఉన్నాయి. కానీ అలవాటుపడ్డ నాలుకకు అవి అన్నం కావు.

పనిమనిషి, డే కేర్, అమ్మమ్మ

హైదరాబాదులో మధ్యతరగతి ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి తుడిచే పనమ్మాయికి నెలకు రెండు మూడు వేల రూపాయలు ఇస్తారు. ఆమె రోజుకు నాలుగైదు ఇళ్లు తిరుగుతుంది. అమెరికాలో ఇల్లు శుభ్రం చేయడానికి మనిషిని పిలిస్తే గంటకు పాతిక, ముప్పై డాలర్లు. అందుకే అక్కడ ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో కూడా గిన్నెలు, గుడ్డలు, తోట గడ్డి, కారిపోయే నల్లా, సామాను మోయడం అన్నీ సొంత చేతుల మీదుగానే జరుగుతాయి. ప్లంబరు గడప తొక్కితే వంద డాలర్లు దాటడం మామూలు కనుక వీడియో చూసి రెంచి పట్టుకోవడం నేర్చుకుంటారు. ఇండియాలో హాయిగా ఉంటుంది అన్న మాటలో సగం అర్థం ఈ సేవల చవకే. మిగతా సగం మనవాళ్లు. ఈ చవకను జీవన వ్యయంలో లాభంగా రాసుకునేవాళ్లు, ఆ పనమ్మాయి జీవన వ్యయాన్ని అదే పట్టికలో పక్కన రాయరు. ఆమె కొనే గ్యాసు సిలిండరు, కట్టే స్కూలు ఫీజు ఆ ఇంటివాళ్లు కట్టే ధరకేమీ దూరంగా ఉండవు. గృహ కార్మికుల గౌరవప్రదమైన పని కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. దాన్ని ఇప్పటిదాకా భారతదేశమూ ఆమోదించలేదు, అమెరికా కూడా ఆమోదించలేదు.

మనిషి పని ఖరీదు అందరికంటే ఎక్కువగా తగిలేది పసిపిల్లల తల్లిదండ్రులకు. అమెరికాలో పెద్ద నగరాల్లో నెలల పిల్లను డే కేర్‌లో పెడితే నెల ఫీజు చాలాచోట్ల ఇంటి అద్దెకు దీటుగా ఉంటుంది. ప్రైవేటు ఉద్యోగులకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇవ్వాలన్న సమాఖ్య చట్టం అక్కడ లేదు. భారతదేశంలో 2017 సవరణ తర్వాత చట్టం పరిధిలోకి వచ్చే ఉద్యోగినులకు 26 వారాల దాకా ఇవ్వాలి. ఈ లోటును తెలుగు కుటుంబాలు పూడ్చుకున్న తీరు అందరికీ తెలిసిందే. పురుటికి ముందు అమ్మ వస్తుంది. సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు కనుక, ఆమె తిరిగి వెళ్లే వేళకు అత్తగారు దిగుతారు. పత్యం వండడం, పిల్లకు నలుగు పెట్టడం, రాత్రి జోకొట్టడం, పగలు పెద్దపిల్లను చూసుకోవడం. ఏడాది డే కేర్ ఖర్చు మిగులుతుంది. విమాన టిక్కెట్లు, ప్రయాణికుల ఆరోగ్య బీమా తప్ప ఈ పనికి ఎక్కడా రసీదు లేదు. రెండు దేశాల జాతీయ లెక్కల్లోనూ ఇది కనిపించదు. ఎన్నో తెలుగు ఇళ్లు డాలస్‌లో, న్యూజెర్సీ ఎడిసన్‌లో నిలదొక్కుకున్నది ఈ ఆడవాళ్ల కష్టం మీద కూడా. జీవన వ్యయం గురించిన ఏ వ్యాసమైనా దాన్ని చెప్పితీరాలి.

హోటలు ఖర్చులోనూ ఇదే సూత్రం. అమెరికాలో టిప్పు తీసుకునే కార్మికులకు యజమాని ఇవ్వాల్సిన సమాఖ్య కనీస వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లే. టిప్పుతో కలిపి మామూలు కనీస వేతనానికి చేరకపోతే మిగతాది యజమాని కట్టాలి. అందుకే బిల్లు మీద పదిహేను, ఇరవై శాతం వేయడం అక్కడ మర్యాద మాత్రమే కాదు. వడ్డించిన మనిషి జీతంలో పెద్ద భాగం అదే.

ఇల్లు, బడి

అమెరికాలో 2023లో మధ్యస్థ ఇంటి అద్దె, కరెంటు, నీటి బిల్లులతో కలిపి, నెలకు 1,400 డాలర్ల పైమాట. మన హైదరాబాదు కూకట్‌పల్లి వైపు రెండు పడకగదుల ఫ్లాటు అద్దె ఇరవై, పాతిక వేల రూపాయల మధ్య దొరుకుతుంది, మెయింటెనెన్సు అదనం. సొంతిల్లు కొనేవాళ్లకు అక్కడ ముప్పై ఏళ్లపాటు వడ్డీ మారని రుణం దొరుకుతుంది. 2021 జనవరిలో ఆ వడ్డీ సగటున 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరుకు 7.79 శాతానికి ఎక్కింది. పక్కపక్కనే ఒకే నమూనా ఇళ్లలో ఉండే ఇద్దరి నెల వాయిదాల్లో ఎంతో తేడా ఉండడానికి ఇదే కారణం. మన దగ్గర ఇంటి రుణాల వడ్డీ ఎక్కువగా రిజర్వు బ్యాంకు రెపో రేటుతో పాటు మారుతుంది కనుక అందరికీ ఇంచుమించు ఒకే వాత.

బడి ఖర్చు రెండు చోట్లా ఉంది, దారులే వేరు. అమెరికాలో పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. కానీ బడికి వచ్చే డబ్బులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్నుదే. మంచి పేరున్న బడి పరిధిలో ఇళ్ల ధరలు, అద్దెలు ఎక్కువ. హైదరాబాదులో, విజయవాడలో మధ్యతరగతివాళ్లు ప్రైవేటు స్కూలుకు నేరుగా కడతారు, ఆ తర్వాత ఇంటర్ కోచింగుకు కడతారు. అక్కడ అద్దెలో కలిసిపోయేది ఇక్కడ టర్ము ఫీజుగా వస్తుంది.

పెట్రోలు, ఫోను

కొన్ని వస్తువులు అమెరికాలో రూపాయల్లో చూసినా చవకే. 2024లో అక్కడ గ్యాలన్ పెట్రోలు సగటు ధర 3.30 డాలర్ల దగ్గర ఉంది. గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. లీటరుకు 73 రూపాయల చొప్పున పడింది. అదే ఏడాది హైదరాబాదులో లీటరు 107.41 రూపాయలు. కనీస వేతనం తీసుకునే అమెరికన్ గంట కూలితో ఎనిమిది లీటర్లు కొంటాడు. ఉపాధి హామీ కూలీ రోజంతా పనిచేస్తే మూడు లీటర్లు కూడా రావు. పెట్రోలు మీద మన కేంద్ర, రాష్ట్ర పన్నులు ఎక్కువ కావడం దీనికి ముఖ్య కారణం. అయితే చవక పెట్రోలు ఉన్న దేశంలోనే రవాణా ఖర్చు 17 శాతం తినేస్తోంది. బస్సులు, రైళ్లు తక్కువ, ఊళ్లు విశాలం, ఇంటికి రెండు కార్లు తప్పవు, రెంటికీ ఇన్సూరెన్సు కట్టాలి. ఇక్కడ తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పేద ఇంటి నెల ఖర్చులో ఒక పద్దును ప్రభుత్వం ఇలా ఒక్క ఉత్తర్వుతో కొట్టేసింది.

ఫోన్లదీ పెట్రోలు దారే. ఐఫోన్ 15 విడుదలైనప్పుడు అమెరికాలో 799 డాలర్లు, అంటే దాదాపు 66 వేల రూపాయలు. ఇక్కడ 79,900. ‘వచ్చేటప్పుడు ఒక ఫోను పట్టుకురా బాబూ’ అన్న మాట వెనక ఉన్న లెక్క ఇదే. ఒక మెలిక ఉంది. మన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అమెరికాలో అట్ట మీది ధరకు అమ్మకపు పన్ను అదనం. టెక్సస్‌లో అది 8.25 శాతం దాకా ఉంటుంది, ఆరెగాన్‌లో అసలు లేదు.

వైద్యం

ఇక్కడ పోలిక దాదాపు చేతులెత్తేస్తుంది. అమెరికాలో వైద్య ఖర్చు ప్రధానంగా బీమా చుట్టూ తిరుగుతుంది. ఉద్యోగి కుటుంబానికి యజమాని ద్వారా వచ్చే బీమా సగటు ప్రీమియం 2024లో ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతం నుంచి కోసుకునేది 6,296 డాలర్లు. అంత కట్టినా డిడక్టబుల్ (బీమా చెల్లించడం మొదలుపెట్టే ముందు మనం పెట్టుకోవాల్సిన మొత్తం) నిండేదాకా చాలా బిల్లులు చేతి నుంచే పెట్టుకోవాలి, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చాలాసార్లు కోపే పేరుతో కొంత విడిగా కట్టాలి. పళ్లకు బీమా వేరు, కళ్లకు వేరు. అందుకే సెలవులకు వచ్చినవాళ్లు పంటి క్యాపులు, కళ్లజోళ్లు, ఏడాది రక్త పరీక్షలు ఇక్కడే ముగించుకుని వెళ్తారు.

భారతదేశంలో డాక్టరు ఫీజు తక్కువే కానీ బీమా లేని కుటుంబాలు ఎన్నో. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో మొత్తం వైద్య ఖర్చులో 64.2 శాతం జనం జేబు నుంచే పోయేది. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రిలో చేరే ఖర్చును మోస్తాయి. నెలనెలా వాడే బీపీ, షుగరు మందుల ఖర్చు చాలా ఇళ్లలో మిగిలే ఉంటుంది.

దేశం లోపలి దేశాలు, మారే రూపాయి

ఒక దేశానికి ఒక జీవన వ్యయం అనడమూ సౌకర్యం కోసం చెప్పుకునే మాటే. 2022-23 సర్వేలో తలసరి నెల ఖర్చు తెలంగాణ పట్టణాల్లో 8,158 రూపాయలు, పల్లెల్లో 4,802. ఆంధ్రప్రదేశ్‌లో అవి 6,782, 4,870. అమెరికాలో టెక్సస్‌కు రాష్ట్ర ఆదాయ పన్ను లేదు గానీ ఆస్తి పన్ను బరువు. కాలిఫోర్నియాలో 2025 కనీస వేతనం గంటకు 16.50 డాలర్లు, టెక్సస్‌లో 7.25 మాత్రమే. ఒకే జీతంతో కాలిఫోర్నియా బే ఏరియాలో ఇరుకు అపార్టుమెంటులో, టెక్సస్ ఫ్రిస్కోలో పెరడున్న ఇంట్లో ఉండవచ్చు.

రూపాయి విలువ మారడం ఈ లెక్కలను ఇంకా కదుపుతుంది. 1966 జూన్ 6న డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి మారింది. 2025 డిసెంబరులో 90 దాటింది. దీని దెబ్బ ముందుగా తగిలేది విద్యార్థులకు. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగు రాష్ట్రాల పిల్లలది పెద్ద వాటా. అప్పు రూపాయల్లో, ఫీజు డాలర్లలో. సెమిస్టరు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు. ఒక గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని, వంతులవారీగా వండుకుని, పాత కారు ఒకటి నలుగురు కలిసి వాడుకునే ఆ పిల్లల బతుకు ఏ సగటు పట్టికకూ దొరకదు. వాళ్లకు ప్రతి కాఫీనీ హెచ్చవేసి చూసుకోవడం తప్పు లెక్క కాదు. తీర్చాల్సిన అప్పు నిజంగానే రూపాయల్లో ఉంది.

ఉద్యోగం వచ్చి నిలదొక్కుకున్నాక డబ్బు వెనక్కి ప్రవహిస్తుంది. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో భారతదేశానికి విదేశాల నుంచి వచ్చిన సొమ్ములో 27.7 శాతం అమెరికా నుంచే వచ్చింది. తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉంటున్న తండ్రికి రాత్రీపగలూ తోడుండే మనిషిని కొడుకు అక్కడి నుంచే కుదురుస్తాడు. అన్నం పెట్టి, మాత్రలు వేసి, బాత్రూముకు నడిపించి, రాత్రి అక్కడే పడుకునే ఆ మనిషికి నెల జీతం ఇరవై వేల చుట్టూ ఉంటుంది. అమెరికాలో సమాఖ్య కనీస వేతనం మీద వారానికి నలభై గంటలు చేసే మనిషికి నెలకు 1,250 డాలర్ల పైచిలుకు, అంటే లక్ష రూపాయలకు పైనే. తండ్రి దగ్గర ఈ మనిషి ఉన్నందువల్లే, ఆ ఇంటి తల్లి కోడలి పురుటి కోసం డాలస్‌లో ఆరు నెలలు ఉండగలుగుతోంది.